18446744073709551615: ఈ ఇరవై అంకెల సంఖ్య లోపల ఏముంది?

బిట్టు_64
అందరికీ నమస్కారం. పనిలో ఒక లాగ్ ఫైల్ చూస్తుంటే "మిగిలిన ఐటమ్స్: 18446744073709551615" అని కనబడింది. సున్నాలోంచి ఒకటి తీసేస్తే రుణగుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకం గిర్రున తిరిగి తన గరిష్ఠ విలువ దగ్గరకు పోతుంది, అది తెలిసిందే, బగ్ దొరికింది, సరిచేశాం. సంఖ్య మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. 2^64 − 1 అని తెలుసు. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది, మరి ఇంకా వేటితో పోతుంది? ఎక్సెల్‌లో టైప్ చేసి భాగిద్దామంటే చివరి ఐదంకెలూ సున్నాలు చేసి పెట్టింది. చేత్తో చేసే దారేమైనా ఉందా?

ట్యూషన్_మాష్టారు
ఉంది, అదీ హైస్కూలు దారే. ఎ² − బి² = (ఎ − బి)(ఎ + బి) గుర్తుందిగా. 2^64 అంటే 2^32 వర్గం, 1 అంటే 1 వర్గం. కాబట్టి మీ సంఖ్య (2^32 − 1) × (2^32 + 1). ఇందులో మైనస్ ఉన్న బ్రాకెట్‌ను మళ్ళీ అలాగే విరవండి, (2^16 − 1)(2^16 + 1) వస్తుంది. మళ్ళీ మైనస్‌ది పట్టుకోండి. ఘాతం 64 కదా, శేషం లేకుండా ఆరుసార్లు సగమవుతుంది. చివరికి తేలేది

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

కాగితం మీద ఆరు లైన్లు. ఎక్సెల్ అక్కర్లేదు.

ఓరుగల్లు_పోరడు
మస్తు ఉంది సార్. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే గదా, చివరిది కూడా అంతేనా? అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్, 2కు ఏదో ఒక ఘాతం, దానికి ఒకటి కలుపుడు.

లెక్కలక్క
తమ్ముడూ, సరిగ్గా నీలాగే అనుకున్నాడు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా! 1640లో రాసిన ఉత్తరాల్లో ఈ తీరు సంఖ్యలన్నీ ప్రధానాలేనని గట్టిగా నమ్ముతున్నట్టు చెప్పాడు, అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. మొదటి ఐదూ నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297. దాదాపు తొంభై ఏళ్ళు దాన్ని ఎవరూ విరవలేదు. 1732లో ఆయిలర్ విరిచాడు:

4294967297 = 641 × 6700417

అక్కడితో బిట్టుగారి సంఖ్య పూర్తిగా విడిపోయినట్టే: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. మొత్తం ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు.

బిట్టు_64
641 చిన్న సంఖ్యే కదా అక్కా. 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోయినా దొరికేసేదిగా, తొంభై ఏళ్ళేంటి?

లెక్కలక్క
దొరికేసేదే. 641 కంటే చిన్న ప్రధానాలు 115 ఉన్నాయి, ఓపిక ఉంటే ఒక రోజు పని. ఫెర్మా ఎందుకు చేయలేదో ఎవరి ఊహ వాళ్ళది. ఆయన పేరు మీదే ఉన్న పరీక్ష ఒకటుంది, ప్రధాన సంఖ్య పి అయితే 2^(పి − 1)ని పితో భాగించినప్పుడు శేషం 1 రావాలి. తమాషా ఏమిటంటే 4294967297 ప్రధానం కాకపోయినా ఈ పరీక్ష పాసైపోతుంది, ఆ మాటకొస్తే ఫెర్మా సంఖ్యలన్నీ 2తో పరీక్షిస్తే పాసవుతాయి. 3తో పరీక్ష పెట్టి ఉంటే దొంగ దొరికేవాడు.

ఆయిలర్ గుడ్డిగా భాగించలేదు. 2^32 + 1ని భాగించే ప్రధానం ఏదైనా సరే, దానిలోంచి 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజం అయి తీరాలని చూపించాడు. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంలో పని అయిపోయింది! తర్వాత ఈ నియమాన్ని లూకా ఇంకా బిగించాడు, 64 కాదు 128 గుణిజం కావాలన్నాడు. అప్పుడు మిగిలేవి 257, 641 రెండే.

ట్యూషన్_మాష్టారు
641 గురించి మా పిల్లలకు చెప్పే చిన్న నిరూపణ ఒకటి ఇక్కడ పెడతాను, భాగహారమే లేకుండా అయిపోతుంది.

641ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 5 × 2^7 + 1, అంటే 640 + 1. రెండు, 5^4 + 2^4, అంటే 625 + 16.

మొదటి దాని ప్రకారం, 641తో భాగించి శేషాలు మాత్రమే చూసుకుంటే 5 × 2^7 అనేది −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తండి, 5^4 × 2^28 అనేది +1తో సమానం. ఇప్పుడు రెండో రూపం తీయండి, 5^4 అనేది −2^4తో సమానం. పైదాంట్లో 5^4 తీసేసి −2^4 పెట్టండి. −2^32 సమానం 1. అంటే 2^32 + 1 శేషం సున్నా. అయిపోయింది.

మొదటిసారి చూపించినప్పుడు క్లాసులో ఒకరిద్దరైనా "ఇంకోసారి చెప్పండి సార్" అంటారు. ఆ ఒకరిద్దరి కోసమే ఇది చెప్పడం.

పద్యాలపేట
మీరంతా ఫెర్మా, ఆయిలర్ అంటున్నారు కానీ ఈ సంఖ్య తెలుగు పద్యంలో వెయ్యేళ్ళ కిందటి నుంచీ ఉందండీ. పావులూరి మల్లన, పదకొండో శతాబ్దం, మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినాయన. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి మొత్తం ఎంతో చెప్పే చంపకమాల ఆయన పేరు మీదే చెప్పుకుంటారు. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు సంఖ్యకు" అని నడుస్తుంది.

ఒక్కో పదం ఒక్కో అంకె. శర అంటే మన్మథుడి బాణాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1, శరం 5, సాయకం 5, రంధ్రాలు 9, వియత్తు 0, నగం 7, అగ్ని 3, భూధరం 7, గగనం 0, అబ్ధి 4, వేదం 4, గిరి 7, తర్కం 6, పయోనిధి 4, పద్మజుడి ముఖాలు 4, కుంజరం 8, తుహినాంశుడు అంటే మళ్ళీ చంద్రుడే, 1.

అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చాలి. పేర్చి చూడండి, బిట్టుగారి లాగ్ ఫైల్ వస్తుంది.

అడ్డగీత
పద్యం బాగుంది కానీ ఇక్కడ మనకు కావాల్సినట్టు అంకెలు సర్దుకుంటున్నామేమోనని నా అనుమానం. సముద్రాలు ఏడు కదా? అబ్ధికీ, పయోనిధికీ 4 ఎందుకు వేశారు? జవాబు ముందే తెలుసు కాబట్టి 4 వేసినట్టుంది.

పద్యాలపేట
ఇలా పదాలతో అంకెలు చెప్పే భూతసంఖ్యల్లో సముద్రం నాలుగేనండీ. నాలుగు దిక్కులా నాలుగు సముద్రాలని లెక్క. జ్యోతిష గ్రంథాల్లో ఎక్కడ చూసినా అంతే. సప్తసముద్రాలు పురాణాల్లో మాట.

లెక్కలక్క
సంప్రదాయం సంగతి పక్కన పెట్టి లెక్కతోనే తేల్చేద్దాం. 2 ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్ళీ 2, అలా ఆరేసి చొప్పున తిరుగుతాయి. 64ని 6తో భాగిస్తే 4 మిగులుతుంది, కాబట్టి 2^64 శేషం 7, ఒకటి తీస్తే 6. పద్యంలోని ఇరవై అంకెలూ కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. సరిపోయింది. సముద్రం ఏడైతే రెండుచోట్లా మూడేసి పెరిగి మొత్తం 93 అవుతుంది, శేషం 3. కుదరదు.

ఇంకా అనుమానముంటే 11తో చూడండి. ఒకట్ల నుంచి ఒకటి కూడి ఒకటి తీసుకుంటూ పోతే 37 వస్తుంది, 11తో శేషం 4. అటువైపు 2^10ని 11తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2^64 అంటే 2^4 అన్నట్టే, 16, శేషం 5, ఒకటి తీస్తే 4. రెండూ కలిశాయి. ఛందస్సులో ఇరికించి ఒక్క అంకె కూడా తప్పకుండా చెప్పినవాడికి దండం పెట్టాలి.

అడ్డగీత
సరే, ఒప్పుకుంటున్నా. ఆ 87 ఇంకొకటి కూడా చెబుతోంది చూశారా, 3తో పోతుంది, 9తో పోదు. మాష్టారు విరిచిన దాంట్లో 3 ఒక్కసారే వచ్చింది కదా, దానికి సాక్ష్యం అంకెల మొత్తంలోనే ఉంది.

ఓరుగల్లు_పోరడు
కాలిక్యులేటర్ లేని కాలంల ఇరవై అంకెలు ఎట్ల లెక్కగట్టిన్రు? అరవై నాలుగు సార్లు రెట్టింపు చేసిన్రా?

ట్యూషన్_మాష్టారు
అక్కర్లేదు. మల్లనగారు ఎలా చేశారో గానీ, ఇదే సంఖ్యను దాదాపు ఆ కాలంలోనే అల్ బెరూనీ కూడా కట్టాడు, ఆయన పట్టుకున్నది వర్గాల దారి. 16 వర్గం 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296, దాని వర్గం 18446744073709551616. నాలుగు గుణకారాలు, వాటిలో చివరిది ఒక్కటే నిజంగా కష్టమైంది, పదంకెల సంఖ్యను పదంకెల సంఖ్యతో గుణించాలి. ఆఖర్న ఒకటి తీసెయ్యడం.

వరిమడి
చదరంగం అన్నారు కాబట్టి, గడి గడికీ రెట్టింపు చొప్పున గింజలిమ్మని రాజును అడిగిన కథలోని గింజల లెక్క నేను చెప్తా, అందరూ "ప్రపంచంలో ఉన్న ధాన్యమంతా చాలదు" అని ఊరుకుంటారు, ఎంత చాలదో ఎవరూ చెప్పరు. సాంబ మసూరి లాంటి సన్న రకం వడ్లు వెయ్యి గింజలు తూస్తే 14, 15 గ్రాములు తూగుతాయి, లావు రకాలు 25 గ్రాముల దాకా పోతాయి. పద్నాలుగున్నర వేసుకుంటే ఈ సంఖ్యకు సుమారు 26,700 కోట్ల టన్నులు. లావు వడ్లయితే 46,000 కోట్ల టన్నుల పైమాటే. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పండే వడ్లు 80 కోట్ల టన్నులకు అటూఇటూ. అంటే సన్నవైతే మూడు వందల ముప్పై ఏళ్ళ పంట, లావువైతే ఐదు వందల డెబ్భై ఏళ్ళ పంట. ఆ రాజు మంత్రిని అడగాల్సిన మొదటి మాట "ఏ రకం గింజలయ్యా?" అని.

ఇక సగం గింజలు ఒక్క అరవై నాలుగో గడిలోనే ఉంటాయి, అక్కడికి వచ్చేదాకా కూడిందంతా కలిపినా ఆ ఒక్క గడి కంటే ఒక గింజ తక్కువే.

అడ్డగీత
ఎక్సెల్ సున్నాలు పెట్టిన విషయానికి జవాబు రాలేదు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే ఉంచుకుంటుంది, మీరు ఇరవై ఇచ్చారు, 51615 కాస్తా 00000 అయింది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా ఇస్తే ఇంకో తమాషా, 2^64 − 1కూ 2^64కూ దానికి తేడానే తెలియదు, రెండూ ఒకటే అంటుంది. దశాంశ బిందువు తేలే (ఫ్లోటింగ్ పాయింట్) 64 బిట్ల పద్ధతిలో సంఖ్య కోసం 53 బిట్లే ఉంటాయి, 9007199254740991 దాటాక ప్రతి పూర్ణాంకానికీ చోటుండదు. మీ ప్రోగ్రాం ఆ సంఖ్యను ఎక్కడైనా అలా మార్చి ఉంటే బేసి సంఖ్య కాస్తా సరి సంఖ్య అయి కూర్చుంటుంది, ఏడు ప్రధానాలూ పోయి అరవై నాలుగు రెండ్లు మిగులుతాయి. పైథాన్‌లో ఆ గొడవ లేదు, అక్కడ చేసుకోండి.

గీతలూ_కోణాలూ
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. 641 దగ్గర అందరూ ఆగిపోయారు కానీ దానికి ముందున్న ఐదు ప్రధానాల కథ జ్యామితిలో ఉంది. స్కేలు (గీతలు లేనిది), వృత్తలేఖిని రెండే వాడి సమభుజ త్రిభుజం, పంచభుజి గీయడం గ్రీకులకు తెలుసు. 17 భుజాల క్రమ బహుభుజిని గీయొచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు, అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. బేసి సంఖ్య భుజాలున్న క్రమ బహుభుజి గీయాలంటే ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం అయి ఉండాలి, వేరే దారి లేదని 1837లో వాంట్జెల్ తేల్చాడు. మనకు తెలిసిన ఫెర్మా ప్రధానాలు 3, 5, 17, 257, 65537 ఐదే. ఐదింటినీ గుణిస్తే 4294967295, అంటే 2^32 − 1, మీ సంఖ్యలో సగం బ్రాకెట్! గీయడానికి వీలుందని మనకు తెలిసిన బేసి బహుభుజుల్లో అదే అతి పెద్దది.

ఇక్కడ 641 పాత్ర చూడండి. గీయడానికి వీలవ్వాలంటే ప్రధానంలోంచి ఒకటి తీస్తే మిగిలేదంతా రెండ్లే కావాలి. 17 − 1 = 16, సరే. 257 − 1 = 256, సరే. 641 − 1 = 640, అది 128 × 5. ఆ 5 అడ్డం పడింది. మాష్టారి నిరూపణ నడిచింది ఏ 5తోనో, ఇక్కడ అడ్డం పడింది కూడా ఆ 5ే.

65537 భుజాల బహుభుజి గీసే పద్ధతి రాయడానికి హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళు కూర్చున్నాడు, ఆ రాతప్రతి గాటింగెన్‌లో ఉంది. గీసినా వృత్తానికీ దానికీ కంటికి తేడా తెలియదు. అయినా కూర్చున్నాడు.

వరిమడి
పదేళ్ళా! ఇంట్లో వాళ్ళు ఏమనలేదా ఆయన్ని?

ఓరుగల్లు_పోరడు
😂😂

బిట్టు_64
మొత్తం భాజకాలు ఎన్ని అవుతాయి అప్పుడు? 7 ప్రధానాలు, ఒక్కోటి ఉంచాలా వద్దా అని చూస్తే 2^7, అంటే 128 అనుకుంటా, 1నీ ఆ సంఖ్యనీ కూడా కలిపి. 128 భాజకాలంటే చాలా ఎక్కువ కదా, వాటన్నిటినీ కూడితే సంఖ్యను మించిపోతుందా?

లెక్కలక్క
128 కరెక్టే. కూడితే మాత్రం మించదు. ఒక్కో ప్రధానానికి ఒకటి కలిపి ఆ ప్రధానంతోనే భాగించి అన్నీ గుణించాలి, 4/3 × 6/5 × 18/17 అలా. మొదటి రెండింటికే 1.6 అవుతుంది, 17తో 1.694, ఆ తర్వాత 257, 641 లాంటివి ఎంత పెద్దవైతే అంత తక్కువ కలుపుతాయి. చివరికి 1.703 దగ్గర ఆగిపోతుంది. తనను వదిలేసి మిగతా 127 భాజకాలనూ కూడినా తనలో 70 శాతమే. 6, 28లా పరిపూర్ణ సంఖ్య కాదు, ఆ దరిదాపుల్లో కూడా లేదు.

ఓరుగల్లు_పోరడు
అక్కా ఒక డౌటు. 641 ప్రధానమని తెలుసు. ఆ 6700417 ప్రధానమని ఎట్ల నమ్మాలె? అది కూడా ఇంకా విరుగుతదేమో.

లెక్కలక్క
మంచి ప్రశ్న, అందరూ ఇది అడగకుండా దాటేస్తారు. 6700417 విరిగితే అందులో ఒక ముక్క దాని వర్గమూలం కంటే, అంటే 2588 కంటే చిన్నది అయి ఉండాలి. ఆ ముక్క 2^32 + 1ని కూడా భాగిస్తుంది కాబట్టి పైన చెప్పిన లూకా నియమం దానికీ వర్తిస్తుంది, ఒకటి తీస్తే 128 గుణిజం కావాలి. 2588 లోపు అలాంటి ప్రధానాలు ఎన్నున్నాయో తెలుసా? ఐదు. భాగిద్దాం.

257తో శేషం 170
641తో శేషం 44
769తో శేషం 120
1153తో శేషం 334
1409తో శేషం 622

ఒక్కటీ సున్నా కాలేదు, కాబట్టి ప్రధానమే. ఐదు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధానమని తేలింది, ఇదే మామూలు పద్ధతిలో అయితే 2588 లోపున్న ప్రధానాలన్నిటితో చూడాల్సి వచ్చేది.

పద్యాలపేట
లూకా అన్నారు కదా, కాశీలో బ్రహ్మదేవుడి గుడిలో మూడు వజ్రపు సూదులు, అరవై నాలుగు బంగారు బిళ్ళలు, పూజారులు వాటిని ఒక్కొక్కటిగా, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా ఒక సూది నుంచి ఇంకో సూదికి మారుస్తుంటారు, పూర్తయితే లోకం అంతమవుతుందనే కథ ఉందే, ఆ పజిల్ 1883లో అమ్మకానికి తెచ్చింది ఆ లూకాగారే. కాశీలో అడిగితే ఆ గుడి ఎవరికీ తెలియదు, కథ పారిస్‌లో పుట్టింది. బిళ్ళలన్నీ మార్చడానికి కావాల్సిన ఎత్తులు మాత్రం సరిగ్గా మన సంఖ్యే, 2^64 − 1. సెకనుకో ఎత్తు వేసినా 58,000 కోట్ల ఏళ్ళు దాటుతుంది.

అడ్డగీత
కంప్యూటర్ వేస్తే? నానోసెకనుకు ఒకటి చొప్పున వేసినా 584 ఏళ్ళు. నానోసెకన్లలో కాలం లెక్కపెట్టే 64 బిట్ల గడియారాలు ఇప్పట్లో నిండిపోవని ధీమాగా ఉండేది అందుకే.

బిట్టు_64
ఇంకొక్క ప్రశ్న అడిగి వదిలేస్తా. ఘాతం 64 బదులు పక్కన ఇంకేదైనా ఉంటే కూడా ఇలాగే ముక్కలవుతుందా?

ట్యూషన్_మాష్టారు
ఘాతం సంయుక్త సంఖ్య అయితే కచ్చితంగా ముక్కలవుతుంది, 64కు అదే జరిగింది. ఘాతం ప్రధానమైతే చెప్పలేం. 2^61 − 1 ప్రధానం, 1883లో పెర్వుషిన్ అనే రష్యన్ చర్చి ఫాదర్ తేల్చాడు. 2^67 − 1 ప్రధానం కాదని లూకా 1876లోనే చెప్పాడు కానీ కారణాంకాలు చెప్పలేకపోయాడు, అవి 1903లో కోల్ ఇచ్చాడు, 193707721 × 761838257287. దాంట్లో 3, 5 లాంటి తేలిక ముక్క ఒక్కటీ లేదు చూడండి.

మీ సంఖ్యకు రెండు కలిపి చూడండి, 18446744073709551617. అది 2^64 + 1, అంటే తర్వాతి ఫెర్మా సంఖ్య. ఇక్కడ ఒకటి తీస్తే 256 గుణిజమయ్యే ప్రధానాలతో భాగించుకుంటూ పోవాలి. 641లా ఐదో అడుగులో దొరకదు, 274177 దాకా నడవాలి, అంటే 256 × 1071 + 1. రెండో ముక్క 67280421310721. ల్యాండ్రీ అనే ఫ్రెంచాయన 1880లో దీన్ని విరిచాడు, ఎనభై రెండేళ్ళ వయసులో.

ఓరుగల్లు_పోరడు
అంటే ఈ రెండు సంఖ్యల్ని గుణిస్తే 2^128 − 1 గదా సార్. ఏడుకు రెండు కలిస్తే తొమ్మిది ప్రధానాలు, 512 భాజకాలు. దాని తర్వాతిది, 2^128 + 1?

ట్యూషన్_మాష్టారు
ముప్పై తొమ్మిది అంకెలు. అది చేత్తో కాలేదు నాయనా, 1970లో కంప్యూటర్ పెట్టి మారిసన్, బ్రిల్‌హార్ట్ విరిచారు. 59649589127497217 ఒక ముక్క. రెండో ముక్క కోసం నువ్వే భాగించుకో, పైథాన్‌లో చెయ్యి, ఎక్సెల్‌లో మాత్రం వద్దు.